బి ముందా, వెనకా?

"అరూ, నీ చాప్టర్లో సున్నాలు మరీ ఎక్కువైపోయాయి. కాస్త తగ్గించు" అన్నాడు శ్యామసుందర్, సాంబారులో ఉప్పు గురించి చెప్పే గొంతుతోనే.

అరుంధతి అప్పుడు మజ్జిగ మిరపకాయలు వేయిస్తోంది. ఆ ఘాటుకి దగ్గు తెర వచ్చి వెంటనే జవాబు చెప్పలేకపోయింది. దగ్గు తగ్గాక కూడా చెప్పలేదు. "నీ చాప్టర్" అన్న మాట దగ్గరే ఆగిపోయి ఉంది మరి. శ్యామసుందర్ వ్యాకరణంలో ఆ చాప్టరు ఎవరిదన్నది దాని నడవడిని బట్టి ఉంటుంది. ఎవరైనా మెచ్చుకుంటే "నా చాప్టర్". లోపం కనబడితే "నీ చాప్టర్". కూతురి విషయంలోనూ ఇదే వ్యాకరణం నడిచింది. చిన్మయికి లెక్కల్లో మంచి మార్కులొచ్చిన ఏడు అది వాళ్ళ వంశం తెలివి. సైకిలు మీంచి పడి పన్ను విరగ్గొట్టుకున్న ఏడు "నీ కూతురు ఏం చేసిందో చూడు". ఇప్పుడా పిల్ల భువనేశ్వర్‌లో హాస్టల్లో ఉంది కాబట్టి ఇంట్లో ఆ వ్యాకరణానికి మిగిలిన ఉదాహరణ ఈ చాప్టరొక్కటే.

"ఏటి, వినబడిందా?"

"వినబడింది. ఏ సున్నాలు తియ్యమంటారు?"

"అదే, ముందువి. 0b00000101 అని రాసేవు. ముందు అన్నేసి సున్నాలెందుకు? విలువ లేని సరుకు కదా."

"విలువ లేదు గానీ పనుంది. అది ఎనిమిది స్విచ్చుల బోర్డు. ఏది వేసుందో ఏది ఆపి ఉందో కనబడాలి. ఆపున్నవాటిని పీకీస్తే గోడకి కన్నాలు మిగుల్తాయి."

శ్యామసుందర్ ఆ జవాబుని మిరపకాయతోపాటు నమిలి, బాగానే ఉందన్నట్టు తలాడించాడు. తలాడించింది మిరపకాయకో జవాబుకో ఆమె తేల్చుకోలేకపోయింది.

అతను హౌరా వైపు ఒక ప్రైవేటు ఇంజినీరింగు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ప్రొఫెసరు. వాళ్ళ నాన్న కోదండం గారు రైల్వేలో చేరి సంత్రాగాఛిలోనే స్థిరపడ్డారు కాబట్టి అక్కడే పుట్టి పెరిగాడు. బజార్లో బెంగాలీ, క్లాసులో ఇంగ్లీషు, తిండి దగ్గరా కోపం దగ్గరా తెలుగు. అరుంధతిది విజయనగరం, ఎలక్ట్రానిక్స్‌లో ఎమ్మెస్సీ. పెళ్ళికి ముందు విశాఖపట్నంలో తూకం మిషన్ల లోపలి బోర్డులు తయారుచేసే చిన్న కంపెనీలో పనిచేసింది. పెళ్ళిచూపుల్లో ఆ సంగతి చెబితే కాబోయే అత్తగారు "అయితే కూరలోడు మనల్ని మోసం చెయ్యలేడన్నమాట" అని సంబరపడింది. ఆ చదువుకి ఆ ఇంట్లో దొరికిన మొదటి ఉద్యోగం అది.

రెండో ఉద్యోగం పుస్తకం. చిన్న చిన్న చిప్పులకి ప్రోగ్రాములు రాయడం నేర్పే ఇంగ్లీషు పాఠ్యపుస్తకం అది. పుస్తకాల బజారు కాలేజ్ స్ట్రీట్‌లో ఒక ప్రచురణ సంస్థ వేసింది. కవరు మీద "డాక్టర్ శ్యామసుందర్" అని ఒక్కటే పేరు. క్లాసు నోట్సు అతను ఇచ్చిన మాట నిజమే. దాన్ని పుస్తకంగా చేసింది మాత్రం అరుంధతి. మధ్యాహ్నం అత్తగారు నడుం వాల్చాక డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి, ఒక చెవి కుక్కరుకీ ఒక చెవి కాలింగ్ బెల్లుకీ అప్పగించి, మిగిలిన బుర్రతో రాసింది. ప్రతి ప్రోగ్రామునీ బుల్లి బోర్డు మీద నడిపి చూసింది. బొమ్మలు గీసింది. ఉదాహరణలకి గీజరూ, వంటింటి ఎగ్జాస్టు ఫ్యానూ, వాటర్ ఫిల్టరూ వాడితే శ్యామసుందర్ అవన్నీ కొట్టేసి "మోటార్ ఏ, మోటార్ బి" అని మార్చాడు. పుస్తకానికి గౌరవం ఉండాలట. ముందుమాట మాత్రం స్వయంగా రాశాడు. దాని చివర "నా శ్రీమతి ఓపిక లేకపోతే ఈ పుస్తకం లేదు" అని ఉంది. నిజానికి ఆ పుస్తకంలో అరుంధతి పెట్టనిదల్లా ఓపిక ఒక్కటే. అది రాసినన్నాళ్ళూ ఆ వంటింట్లో గిన్నెలు చేసిన చప్పుడు పక్క బ్లాకు వాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు.

ఇప్పుడు రెండో ముద్రణ. దానికి కారణం ఒక్క అక్షరం.

వాషింగ్ మెషీనులోనో లిఫ్టులోనో కూర్చున్న చిప్పుకి సి భాషలో ఒక అంకె చెప్పాలనుకోండి. ఊరికే 10 అని రాస్తే అది మనందరి పదే. ముందు 0x తగిలించి 0x10 అంటే పదహారు. వట్టి సున్నా ఒక్కటి ముందు పెట్టి 010 అన్నామో, ఎనిమిది. 0b పెట్టి 0b10 అంటే రెండు. అదే ఒకటి, అదే సున్నా. ముందు ఏం తగిలించారో చూసి మెషీను మొత్తం మనిషినే వేరేగా చదువుతుంది. డ్రాఫ్టులో అరుంధతి నిజంగానే "మనిషిని" అని టైపు చేసి, నాలిక్కరుచుకుని, "అంకెని" అని దిద్దుకుంది. దిద్దుకుంది గానీ ఆ మధ్యాహ్నమంతా ఆ పొరపాటే నచ్చింది ఆమెకి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి తను శ్యామ్‌దా భార్య. కాలేజీ వార్షికోత్సవంలో మిసెస్ శ్యామసుందర్. కూరలతనికి బౌది, అంటే వదిన. విజయనగరంలో ఇప్పటికీ మేష్టారి రెండో అమ్మాయి. మనిషి ఒకటే, చదువులు వేరు. సొంత పేరు పెట్టి పిలిచే బెంగాలీ పొరుగువాళ్ళు సైతం మొదటి అక్షరాన్ని గుండ్రంగా చుట్టి "ఒరుంధోతి" అంటారు. అంటే వాళ్ళూ ముందొక సున్నా పెట్టినట్టే.

ఈ 0b కథ ఆమెకి మరీ దగ్గరది. ఎన్నో ఏళ్ళుగా అందరూ వాడుకుంటున్నారు. అది లేకపోతే ఏ స్విచ్చు ఏ స్థితిలో ఉందో కంటికి తెలియదు. అయినా సి భాష రూలు పుస్తకంలో దానికి చోటు లేదు. మనం రాసిందాన్ని మెషీను భాషలోకి మార్చే కంపైలర్లు దయతలచి ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టు, లేకపోతే లేదు. మొన్న మొన్ననే కొత్త ప్రమాణంలో దాని పేరెక్కించారు కాబట్టే ఈ రెండో ముద్రణ. ఆ వార్త చదివిన రోజు అరుంధతి సేమ్యా పాయసం చేసింది.

"ఏటమ్మా విశేషం?" అంది అత్తగారు గ్లాసు అందుకుంటూ.

"తెలిసినమ్మాయికి ఉద్యోగం పర్మనెంటయింది అత్తయ్యా."

"ఎవరమ్మాయి?"

"మీకు తెలీదులెండి. చాలా ఏళ్ళు టెంపరరీగానే చేసింది."

"పోన్లే పాపం" అని అత్తగారు రెండో గ్లాసు కూడా తాగింది.

ఆ పాయసం గిన్నె గీకుతుండగా పుట్టింది అరుంధతికి ఆ కోరిక. రెండో ముద్రణకి కవరు మీద తన పేరుండాలి. ఓపికగా కాదు, పేరుగా. కోరిక పుట్టాక తెలిసింది, అది కొత్తది కాదనీ, మొదటి ముద్రణ చేతికొచ్చిన రోజున కవరు మీద అరచేయి అలా ఆనించి ఉంచింది ధూళి తుడవడానికి కాదనీ.

మర్నాడు టీ దగ్గర అడిగేసింది. "ఏమండీ, ఈసారి కవరు మీద నా పేరు కూడా వేయిద్దామా?"

శ్యామసుందర్ నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. అదే ఇబ్బంది. మనిషి చెడ్డవాడైతే పోట్లాడి సుఖపడొచ్చు. ఆమెకి తలనొప్పి వస్తే వానలో కూడా మందుల షాపుకి పరిగెత్తే మనిషి. తెచ్చిన మాత్రతోపాటు "టీ పెట్టుకుని వేసుకో, నాక్కూడా ఒక కప్పు" అంటాడు, అంతే.

"మనిద్దరం ఒకటే కదా అరూ. నా పేరుంటే నీ పేరున్నట్టు కాదేటి?"

"అయితే ఈసారి నా పేరొక్కటే వేద్దాం. మీ పేరున్నట్టే కదా."

నవ్వు ఆగిపోయింది. "అదెలగ?"

"ఒకటే కదా."

"ఎగతాళి కాదు. నాకంటే ప్రమోషన్లు, కమిటీలు ఉంటాయి. నీకెందుకు చెప్పు? నువ్వేమైనా ఇంటర్వ్యూకెళ్ళాలేటి?"

ఆమె నోరు తెరిచేలోపే అతను కాలేజీ బస్సుకి టైమైందని లేచి, జేబురుమాలు అడిగాడు. ఇస్త్రీ చేసి నాలుగు మడతలు పెట్టిన రుమాలు ఇచ్చింది. అంచులు ఒకదానిమీదొకటి తిన్నగా కూర్చోకపోతే అతనికి రోజంతా మనసు బాగోదు.

అతను మెట్లు దిగుతుంటే ఆంధ్ర సంఘం భోజనాల్లో అతను చెప్పే జోకు గుర్తొచ్చింది. ప్రతి ఏడూ మైకు దొరకగానే చెబుతాడు. "మా ఇంట్లో నేను ఒకటి, మా ఆవిడ సున్నా. ఆవిడ నా వెనకాల నిలబడబట్టి నేను పదినయ్యేను!" అందరూ చప్పట్లు కొడతారు. పోయినసారి ఆ జోకు పేలే సమయానికి అరుంధతి నిజంగానే అతని వెనకాల, పులిహోర బేసిను రెండు చేతులా పట్టుకుని, దాన్ని దించడానికి బల్ల మీద చోటు కోసం చూస్తూ నిలబడి ఉంది. చప్పట్లు కొట్టే వీలు లేని మనిషి ఆ హాల్లో ఆమె ఒక్కర్తే. అప్పుడు ఒక ఆలోచన మెరిసింది. సున్నా పక్కకి తప్పుకుంటే ఒకటి మిగులుతుంది, అది అందరికీ తెలుసు. సున్నా ముందుకొచ్చి నిలబడితే? మామూలు లెక్కల్లో ఏమీ కాదు. తను రాసే భాషలో మాత్రం అంకె మొత్తం ఇంకోలా చదవాల్సొస్తుంది.

మధ్యాహ్నం అత్తాకోడళ్ళిద్దరూ అరటిపువ్వు ఒలుస్తూ కూర్చున్నారు. ఒక్కో పువ్వులోంచీ కాడా రేకూ పీకాలి. ఎంత ఒలిచినా గిన్నెలో అడుగు కనబడుతూనే ఉంటుంది, వండాక మాత్రం రెండు ముద్దల్లో అయిపోతుంది.

"పొద్దున్న విన్నాన్లే" అంది అత్తగారు. "పుస్తకం మీద పేరెందుకమ్మా? మీ మామగారున్నన్నాళ్ళూ క్వార్టర్సులో నన్ను కోదండం గారి ఆవిడ అనీవోరు. నా పేరు నేనే మర్చిపోయేను. ఓసారి ఓటుకెళ్తే ఆ గుమాస్తా పేరు పెట్టి పిలిచేడు. నేను పలకలేదు. నా వెనకావిడనేమో అనుకుని పక్కకి తప్పుకున్నాను."

"మరి ఓటేశారా?"

"ఏసేను. మీ మామగారు చెప్పినోడికే." అని ఇంకో రేకు పీకింది. "ఇంతకీ నువ్వు రాస్తన్నది ఏటి?"

అరుంధతి చెప్పింది. స్విచ్చుల సంగతి, ముందు తగిలించే వాటి సంగతి.

"అంటే వట్టి సున్నా ముందు పెట్టీస్తే పది తగ్గిపోద్దేటి?"

"ఎనిమిదైపోతుందండి."

"నోరెత్తదేటి మరి ఆ పది?"

"ఎత్తదు. మెషీనూ ఏమీ అనదు. లెక్క మారిపోయిందని ఎవరికీ తెలియదు."

అత్తగారు చేతిలో పువ్వు పక్కన పెట్టి, కిటికీలోంచి రైలు పట్టాల వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించింది. అరుంధతికి గుండె మెత్తబడింది. ఆడదానికి ఆడది అర్థం కావడమంటే ఇదే కాబోలనుకుంది.

"మా ఆడపడుచు ముందొక సున్నా పెట్టీ" అంది అత్తగారు.

ప్రెస్సు నుంచి ప్రూఫులు వచ్చాయి. శ్యామసుందర్ వాటిని తనే చూస్తానని పట్టుబట్టి రెండు సాయంత్రాలు తలుపేసుకుని కూర్చున్నాడు. మధ్యలో టీలూ పకోడీలూ లోపలికి వెళ్ళాయి, ఖాళీ ప్లేట్లు బయటికొచ్చాయి. శనివారం పొద్దున్న అతను స్నానానికి వెళ్ళినప్పుడు అరుంధతి లాప్‌టాప్ తెరిచి నాలుగో చాప్టర్ చూసింది. పొయ్యి మీద పప్పు పొంగింది. ఆమె లేవలేదు.

ఆమె రాసిన 0b00000101 అక్కడ లేదు. దాని చోట 00000101B ఉంది. ఒకచోట కాదు, అన్నిచోట్లా. ముందుండే బి వెనక్కి పోయింది. ఇంకా కిందికి వెళ్తే, ఏ మోటారు ఎన్ని సెకన్లు నడవాలో చెప్పే పట్టికలో ఆమె రాసిన 5, 10, 120 ఇప్పుడు 005, 010, 120 అయి, సైన్యంలా వరసగా నిలబడ్డాయి.

తల తుడుచుకుంటూ వచ్చిన భర్తని అడిగింది. "ఇవెవరు మార్చేరు?"

"నేనే. ఎలగుంది? ఒక చోట ఒక అంకె, ఒక చోట మూడు, గ్రూపు ఫొటోలో పిల్లల్ని ముందు నిలబెట్టడం మర్చిపోయినట్టుంది. అన్నిటినీ మూడేసి అంకెలు చేసీసేను. కాలమ్ తిన్నగా వచ్చింది చూడు."

"ముందు సున్నా పెడితే విలువ మారుతుందని ఆ చాప్టర్లోనే రాసేను కదండీ."

"పట్టికలో కాదు కదా!"

"మరి బి?"

"బి వెనకుండాలి అరూ. మేం ఎయిటీ ఎయిటీ ఫైవ్ చిప్పు మీద నేర్చుకున్నప్పుడు అంకె ముందు, బి వెనక. అది తోక. తోకని ఎవరైనా మొహం మీద పెడతారేటి?"

"అది ఆ చిప్పు అసెంబ్లీ భాష. అందులో వెనకే. ఇది సి. ఇందులో ముందు."

"ఏ భాషయినా మర్యాద ఒకటే."

"రన్ చేసి చూసేరా?"

"పుస్తకాన్ని చదువుతారు గానీ రన్ చేస్తారేటి?"

"పంపీసేరా?"

"నిన్ననే. ఫైనల్ అని రాసి మరీ పంపీసేను."

పప్పు మాడిన వాసన వస్తోందని అత్తగారు లోపల్నుంచి కేకేసింది. అరుంధతి వెళ్ళి పొయ్యి కట్టేసి, మాడిన గిన్నెలో నీళ్ళు పోసి, ఆ నీళ్ళవంకే చూస్తూ నిలబడింది. తప్పుల్లో రెండు రకాలున్నాయి. వెనక్కి పోయిన బి గోల చేసే రకం. కంపైలర్ దాన్ని చూడగానే ఆగిపోయి, ఇదేమిటని కేకలు పెడుతుంది. నలుగురికీ తెలుస్తుంది, దిద్దుతారు. ముందు చేరిన సున్నా అలా కాదు. అణకువగా ఉంటుంది. పదిని ఎనిమిది చేసి, ఆ ఎనిమిదితోనే పని జరిపించేస్తుంది. ఏ గీజరో రెండు సెకన్ల ముందే ఆగిపోతుంది, ఎందుకాగిందో ఎవరికీ తెలియదు. అత్తవారిళ్ళకి ఎప్పుడూ ఈ రెండో రకమే నచ్చుతుంది. బి లాంటి కోడలొస్తే ఊరంతా వినబడుతుందని భయం.

పోనీ వదిలేద్దామా అనుకుంది. ఆయన పుస్తకం, ఆయన పేరు, ఆయన తోక. అచ్చయి బయటికి రానీ, ఎవరో ఒకరు ఉత్తరం రాయనీ. ఆ ఊహ చాలా రుచిగా ఉంది. మాడిన గిన్నె తోముతున్నంతసేపూ దాన్ని చప్పరించింది. కానీ హాస్టల్ గదిలో ఎవరో పిల్ల, తన చిన్మయి వయసుది, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కొట్టి, అది నడవకపోతే తప్పు తనదే అనుకుని ఏడుస్తుందని కూడా తోచింది. ఆడపిల్లలకి ఆ అలవాటు తొందరగా వస్తుంది. చేతులు కడుక్కుని ఎడిటరుకి మెయిల్ రాయడం మొదలుపెట్టింది. విషయమంతా బాగానే వచ్చింది, కింద సంతకం దగ్గర ఆగిపోయింది. ఏమని పెట్టాలి? మిసెస్ శ్యామసుందర్ అంటే మొగుడి పుస్తకంలో పెళ్ళాం వేలు పెట్టినట్టుంటుంది. "ఇట్లు, ఓపిక" అని పెట్టి చూసి, తనలో తను నవ్వుకుని, మొత్తం చెరిపేసింది.

ఆదివారం పొద్దున్న పెసరట్లు వేస్తుండగా ఎడిటర్ అనిందిత లాహిరి నుంచి ఫోనొచ్చింది. శ్యామసుందర్ ఫోను ఎప్పుడూ స్పీకరు మీదే పెడతాడు. కాలేజ్ స్ట్రీట్ నుంచి తనకి ఫోన్లొస్తాయని ఇల్లంతటికీ తెలియాలి కదా. అనిందిత సగం ఇంగ్లీషు, సగం బెంగాలీ కలిపి గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి.

"శ్యామ్‌దా, ఆదివారం పూట విసిగిస్తున్నాను, ఏమనుకోకండి. మీ నాలుగో చాప్టర్ మా రివ్యూయర్ నడిపి చూశారు. ఒక్క ప్రోగ్రామూ నడవట్లేదు! బి అన్న చోటల్లా ఎర్రర్. ఆ బిలని ముందుకి తెచ్చి చూస్తే నడిచాయిట, కానీ టైములు తప్పు. పది అన్నచోట ఎనిమిది వస్తోంది. ఏ కీ కాండో, ఏమిటీ గందరగోళం శ్యామ్‌దా! సోమవారం ప్రెస్సుకి వెళ్ళాలి."

శ్యామసుందర్ స్పీకరు ఆపడానికి చెయ్యి చాచాడు. వేళ్ళనిండా అల్లం పచ్చడి. ఎడమ చేతిలో మంచినీళ్ళ గ్లాసు. రెంటినీ మార్చి మార్చి చూసుకునేసరికి ఆలస్యమైపోయింది.

"బోలున్, చెప్పండి శ్యామ్‌దా. ఏం జరిగింది?"

"అదీ... అసలు ఆ చాప్టర్ నేను రాసింది కాదు అనిందితా" అన్నాడు. "మా మిసెస్ రాసింది. చాలాకాలమైంది కదా, ఆవిడకి కొంచెం టచ్ పోయింది."

పెనం మీద అట్టు చివర్లు లేస్తున్నాయి. అట్లకాడ పట్టుకున్న చెయ్యి అలాగే ఆగింది. అత్తగారు నములుతున్న ముద్ద ఒక బుగ్గలో ఆపి కొడుకు మొహం చూసింది.

"శోత్తి? నిజంగా మిసెస్ రాశారా? మిగతా చాప్టర్లు?"

మిగతావాటిలో కూడా ఏ బిలు ఎటు పోయాయోనని శ్యామసుందర్‌కి అప్పుడు భయం పట్టుకున్నట్టుంది. ముందుజాగ్రత్తగా, "అవి కూడా... ప్రోగ్రాములూ అవీ మొత్తం ఆవిడే రాస్తుంది" అనేశాడు.

"అయితే ఒకసారి బౌదికి ఇవ్వండి."

అరుంధతి పొయ్యి సిమ్‌లో పెట్టి టేబుల్ దగ్గరికొచ్చింది. శ్యామసుందర్ కళ్ళతోనే బతిమాలుతున్నాడు. "మార్చింది ఆయన" అనే మాట ఆమె నాలిక చివర సిద్ధంగా ఉంది. ఎంత చిన్న మాట, ఎంత నిజం! అనెయ్యొచ్చు. అంటే అనిందిత నవ్వుతుంది, అతను నల్లబడతాడు, తను గెలుస్తుంది. గెలిచి? తప్పు అతనిదైతే చాప్టరూ అతనిదే అవుతుంది. తను మళ్ళీ ముందుమాట చివర్లోకి పోయి కూర్చుంటుంది. ఇన్నేళ్ళుగా ఆ పుస్తకంలోకి వెళ్ళడానికి తలుపు ఎక్కడుందా అని వెతుకుతోంది. చేసిన పని చూపించి తట్టింది, తెరుచుకోలేదు. మర్యాదగా అడిగింది, తెరుచుకోలేదు. ఇప్పుడు ఆయనే, పచ్చడి చేత్తో, తలుపు బార్లా తెరిచి నిలబడ్డాడు. కాకపోతే ఆ తలుపు మీద "నేరస్థులకు మాత్రమే" అని రాసుంది. అంతే కదా. తను చెయ్యని ఉప్పెక్కువ సాంబార్లకి కూడా తప్పు ఒప్పుకున్న మనిషికి ఇదొక లెక్కా? అవన్నీ ఊరికే ఒప్పుకుంది. దీనికి ప్రతిఫలమైనా ఉంది.

"నమస్కారమండీ. తప్పు నాదే" అంది అరుంధతి, ఇంగ్లీషులో, స్పష్టంగా. "రాసింది నేను కాబట్టి జవాబు చెప్పాల్సిందీ నేనే. బిలన్నీ ముందుకి రావాలి, పట్టికలో మొదటి సున్నాలు పోవాలి. ఇవాళే దిద్ది పంపుతాం."

"ఓ, మీకు ఎక్కడ తప్పుందో వెంటనే తెలిసిపోయిందే! మరి బౌదీ, రాసింది మీరైతే కవరు మీద మీ పేరు లేదేమిటి?"

"అదేం పెద్ద..." అని శ్యామసుందర్ అందుకోబోయాడు.

"ఒక్క నిమిషం శ్యామ్‌దా. ఇప్పుడే కదా మొత్తం ఆవిడే రాస్తుందన్నారు? రేపు ఇంకో తప్పు దొరికితే నేనెవర్ని పట్టుకోవాలి? మా సంస్థలో జవాబు చెప్పేవాళ్ళ పేరే కవరు మీద ఉంటుంది. కవరు ఇంకా ప్రెస్సుకి వెళ్ళలేదు, వేసేస్తాను. బౌదీ, ఎలా వెయ్యను? మిసెస్ అరుంధతి శ్యామసుందర్?"

"శ్రీమతి అని ఉంటే హుందాగా ఉంటుంది" అన్నాడు శ్యామసుందర్, ఇంక ఏదో ఒకటి తన చేతి మీదుగా జరగాలని.

"ముందేమీ వద్దు" అంది అరుంధతి. "వెనకా ఏమీ వద్దు. అరుంధతి, అంతే."

"ఒరుంధోతి. భెరీ గుడ్. మా దగ్గర పేర్లు అక్షరక్రమంలో వేస్తాం. ఏ ముందు, ఎస్ తర్వాత. సరేనా శ్యామ్‌దా?"

శ్యామ్‌దా అన్న మనిషి నీళ్ళ గ్లాసు ఖాళీ చేసి, ఖాళీ గ్లాసునే ఇంకోసారి తాగాడు. ఫోను ఆగిపోయింది.

"అంటే ముందు కోడలి పేరేటి?" అంది అత్తగారు, బుగ్గలో ముద్ద మింగి.

"అక్షరక్రమం అమ్మా, అంతే. దానికి వేరే అర్థం లేదు" అన్నాడు కొడుకు.

"నేనేటన్నాన్రా? ఇంకో అట్టుందేమో చూడు."

అతను చూడలేదు. భార్య వంక తిరిగి గొంతు తగ్గించాడు. "మార్చింది నేనని నీకు తెలుసు. ఆవిడకి చెప్పీలేకపోయేవా?"

"మీరు నాదని నలుగురిలో చెప్పేక నేను కాదంటే బాగుంటుందేటి?"

అతను ఆ వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడా పట్టుకోవడానికి అంచు దొరకలేదు. చివరికి చెయ్యి కడుక్కుని వచ్చి, లాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "సరే అయిందేదో అయింది. కూర్చో మరి. ఇవాళే పంపుతానన్నావు కదా."

అరుంధతి లాప్‌టాప్ మూత పట్టుకుని మెల్లిగా అతని వైపుకి తిప్పింది. "పంపుతాం అన్నాను. తప్పు ఒప్పుకోవడం నా వంతు, అయిపోయింది. దిద్దడం మీది. ఇద్దరు రచయితలం కదా."

"మరి నా అట్టు?"

"పిండి గిన్నెలో ఉంది. పెనం వేడిగానే ఉంది."

ఆమె ఆరిన చేతులతో, ఏ పనీ పట్టుకోకుండా, బాల్కనీలోకి వెళ్ళి అతని కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో కూర్చుంటే స్టేషను ఇంత బాగా కనబడుతుందని ఆమెకి ఇంతవరకూ తెలియదు. వెనకాల కుర్చీ జరిగిన చప్పుడు, కళ్ళజోడు పెట్టె తెరుచుకున్న చప్పుడు వినిపించాయి. శ్యామసుందర్ ఒక వేలితో మీట నొక్కాడు. పట్టికలో 010 ముందున్న సున్నా పోయింది. ఇన్నాళ్ళూ కాదు గానీ రెండు రోజులుగా ఎనిమిదిగా బతుకుతున్న పది మళ్ళీ పదయింది.

"అరూ," అని పిలిచాడు కాసేపటికి, అలిసిపోయిన గొంతుతో. "ఇంకా ఎన్నున్నాయి ఇలాంటివి?"

"మీరు పెట్టినన్ని" అంది అరుంధతి.